తప్పుకు పేరు పెట్టే ముందు

రమజాన్ నెలకు కొద్ది రోజుల ముందు ఒక రాత్రి, ఇషా నమాజ్ ముగిశాక, డిగ్రీ చదువుతున్న ఒక యువకుడు చేతిలో కాగితం పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. భోజనం విషయంలో ఇస్లాం ఏం బోధిస్తుందో కాలేజీలో ఇంగ్లీషులో ఐదు నిమిషాలు మాట్లాడాలట. తినడానికీ త్రాగడానికీ అనుమతిస్తూనే ఇస్రాఫ్‌ను వారించే ఆయత్ (అల్ ఆరాఫ్: 31) దగ్గర అతని కలం ఆగిపోయింది. కాగితం మీద ఆరు మాటలు వరుసగా రాసుకున్నాడు: ఓవర్ ఈటింగ్, గ్లటనీ, గ్రీడ్, బింజింగ్, ఓవర్ ఇండల్జెన్స్, ఎక్సెస్.

"మౌలానా, డిక్షనరీలో ఇవన్నీ దగ్గర దగ్గర అర్థాలే చూపిస్తున్నాయి. ఇస్రాఫ్‌కు వీటిలో ఏది రాయమంటారు?" అని అడిగాడు.

మేము ఉర్దూ, అరబీ చదువుకున్నవాళ్ళం. ఇంగ్లీషు తర్వాత సొంతంగా నేర్చుకున్నది. తొందరలో ఉన్నాము. "ఏదైనా రాయి బేటా, అన్నీ ఒకటే కదా!" అనేసి చెప్పులు వేసుకున్నాము.

ఇంటికి చేరాక ఆ జవాబు మమ్మల్ని పడుకోనివ్వలేదు. అన్నీ ఒకటే అయితే అల్లాహ్ తన గ్రంథంలో ఒకచోట ఇస్రాఫ్ అనీ, మరోచోట తబ్జీర్ అనీ వేర్వేరు మాటలు ఎందుకు వాడాడు? ఒక మనిషి చేసిన తప్పుకు మనం ఏ పేరు పెడతామో, ఆ మనిషిని రేపటి నుంచి ఆ కంటితోనే చూస్తాము. కాబట్టి ఇది డిక్షనరీతో తేలిపోయే సంగతి కాదు. ఇది న్యాయానికి సంబంధించిన సంగతి.

ఆరు మాటలు, ఆరు చూపులు

ఆ కాగితంలోని మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ఓవర్ ఈటింగ్ అంటే అవసరానికి మించి తినడం. ఇది ఒక పని పేరు. ఈ పూట ఎక్కువ తిన్నవాడు రేపు తగ్గించుకోవచ్చు. ఈ మాట మనిషి మీద ముద్ర వేయదు.

గ్లటనీ అలా కాదు. మింగడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఇది వచ్చింది. క్రైస్తవ నీతిబోధలో దీన్ని ఏడు ఘోర పాపాలలో ఒకటిగా లెక్కిస్తారు. ఆ జాబితాకు 6వ శతాబ్దంలో పోప్ గ్రెగరీ ఒక రూపం ఇచ్చాడు. గ్లటనీ ఉన్నవాడు గ్లటన్. మన తెలుగులో తిండిపోతు, ఉర్దూలో పేటూ. ఇక్కడ పని పేరు పోయి, మనిషి పేరే మారిపోయింది.

గ్రీడ్ అంటే అత్యాశ. ఇది కడుపుకు సంబంధించినది కానే కాదు, కంటికి, మనసుకు సంబంధించినది. పిడికెడు అన్నం తినే మనిషిలో కూడా కొండంత అత్యాశ ఉండవచ్చు. మూడు పళ్ళాలు తిన్న కూలిమనిషిలో అది రవ్వంత కూడా ఉండకపోవచ్చు.

బింజింగ్ 19వ శతాబ్దపు ఇంగ్లాండులో పూటుగా తాగడానికి వాడిన మాట. తర్వాత తిండికీ వచ్చింది. ఇప్పుడు ఇది వైద్యుల మాట కూడా. తనను తాను ఆపుకోలేక, కొద్ది సమయంలోనే విపరీతంగా తిని, ఆ పైన సిగ్గుతో కుమిలిపోయే స్థితిని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ఒక ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించింది. అలాంటి బాధలో ఉన్నవారికి ముందుగా కావలసింది మన ఉపన్యాసం కాదు, వైద్యుని సలహా, ఇంటివారి ఓదార్పు.

ఓవర్ ఇండల్జెన్స్ మెత్తని మాట. తప్పును తప్పులా కనబడనివ్వదు. చాక్లెట్లు, ఐస్‌క్రీములు అమ్మేవారు ఇండల్జ్ అనే మాటను ప్రకటనల్లో పొగడ్తగా వాడుతారు. పాపానికి అత్తరు పూసినట్లుంటుంది.

ఇక ఎక్సెస్. గీత దాటి ముందుకు వెళ్ళడం అనే భావం దాని లాటిన్ మూలంలోనే ఉంది. ఇది తిండికే పరిమితం కాదు. ఎక్కడ హద్దు ఉందో అక్కడల్లా ఈ మాట పనికి వస్తుంది.

ఖుర్ఆన్ ఎంచుకున్న మాటలు

ఇప్పుడు అరబీ వైపు చూద్దాం. ఖుర్ఆన్ పదాలకు నిఘంటువు కూర్చిన ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ (రహ్మతుల్లాహి అలైహి) ఇస్రాఫ్ గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పారు. ఖర్చు విషయంలో ఈ మాట ఎక్కువగా వాడుకలో ఉన్నప్పటికీ, మనిషి చేసే ఏ పనిలోనైనా హద్దు మీరడమే దాని అసలు అర్థమని వివరించారు.

ఖుర్ఆన్‌ను వెతికితే ఈ విషయం కళ్ళకు కడుతుంది. భోజనం విషయంలో ఇస్రాఫ్ అన్న మాట వచ్చింది. పంట కోసిన రోజున దాని హక్కు చెల్లించమని ఆదేశించిన చోట (అల్ అన్ఆమ్: 141) కూడా అదే మాట వచ్చింది. హత్యకు ప్రతీకారం కోరే హక్కున్న వారసుణ్ణి హద్దులో ఉండమన్న చోట (బనీ ఇస్రాయీల్: 33) అదే మాట. ఫిరౌన్ అహంకారాన్ని వర్ణించిన చోట (అద్ దుఖాన్: 31) కూడా అదే మాట. అంటే, అన్నం పళ్ళెం దగ్గర మొదలైన ఈ మాట రాజసింహాసనం దాకా వెళ్ళింది. పళ్ళెంలో హద్దు మీరడం, అధికారంలో హద్దు మీరడం ఒకే రోగానికి చిన్న, పెద్ద రూపాలని దీని ద్వారా తెలుస్తోంది.

తబ్జీర్ వేరు. విత్తనం అనే అర్థమున్న ధాతువు నుంచి ఈ మాట వచ్చింది. రైతు పొలంలో విత్తనాలు చల్లితే పంట వస్తుంది. వాటినే బండరాయి మీద చల్లితే? చేతిలోని సొమ్మును, సరుకును అలా వెదజల్లడం తబ్జీర్. మనం దుబారా అంటున్నాము. ఈ పని చేసేవారిని అల్లాహ్ షైతానులకు సోదరులుగా పేర్కొన్నాడు (బనీ ఇస్రాయీల్: 27). ధర్మవేత్తలలో కొందరు ఈ రెండింటి తేడాను ఇలా వివరించారు: తగిన చోటనే తగినదానికన్నా ఎక్కువ చేయడం ఇస్రాఫ్, అసలు తగని చోట ఖర్చు చేయడం తబ్జీర్.

దీనికి రెండో అంచు కూడా ఉంది. కరుణామయుని దాసులు ఖర్చులో ఇస్రాఫ్ చేయరు, పిసినారితనమూ చేయరు, రెండింటి మధ్య నిలకడగా ఉంటారని అల్ ఫుర్ఖాన్ సూరాలో (67) ఉంది. అంటే కడుపు మాడ్చుకోవడం ధర్మం కాదు. ధర్మసమ్మతమైన మంచి వస్తువులను తమపై నిషేధించుకోవద్దని విశ్వాసులకు ఆదేశం ఉంది (అల్ మాయిదా: 87).

హద్దు ఎక్కడుంది?

హద్దు మీరడమే ఇస్రాఫ్ అయితే, ఆ హద్దు ఎక్కడుందో తెలియాలి కదా! హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలలో తినడాన్ని అంతస్తులుగా విభజించారు. ప్రాణం నిలబెట్టుకునేంత తినడం విధి. నిలబడి నమాజ్ చేయడానికి, ఉపవాసానికి శక్తినిచ్చేంత తినడం పుణ్యం. కడుపు నిండా తినడం అనుమతించబడినది. కడుపు నిండిన తర్వాత కూడా తినడం నిషిద్ధం. ఆ నిషేధంలోనూ మినహాయింపు ఉంది. రేపటి ఉపవాసం కోసం బలం కూడగట్టుకోవాలనో, అతిథి సిగ్గుపడి చేయి తీసేస్తాడేమోననో మరికొన్ని ముద్దలు తింటే తప్పు కాదన్నారు. మన పెద్దలు ఎంత సూక్ష్మంగా ఆలోచించారో గమనించండి. ఒకే ముద్ద ఒకరికి ఇస్రాఫ్, మరొకరికి అతిథి మర్యాద!

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంతకన్నా మేలైన దారిని చూపించారు. నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు మనిషికి చాలునని, తప్పదనుకుంటే కడుపులో మూడో భాగం ఆహారానికి, మూడో భాగం నీటికి, మూడో భాగం శ్వాసకు ఉంచాలని ఆయన (స) బోధించినట్లు తిర్మిజీలో హజ్రత్ మిఖ్దామ్ (రజి) ఉల్లేఖనం ఉంది.

అలాగని ఒకనాడు కడుపు నిండా తిన్నవాణ్ణి దోషిగా నిలబెట్టవచ్చా? సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ హురైరా (రజి) తన సంగతే చెప్పుకున్నారు. ఆకలితో ఆయన పొట్టకు రాయి కట్టుకున్న రోజులవి. మహాప్రవక్త (స) ఇంటికి గిన్నెడు పాలు వచ్చాయి. మస్జిదె నబవీ అరుగు మీద ఉండే పేద విద్యార్థులందరినీ పిలుచుకు రమ్మన్నారు. ఆ పాలు తనకొక్కడికే సరిపోతాయని ఆశపడిన అబూ హురైరా (రజి) మనసులో నొచ్చుకున్నారు, అయినా వెళ్ళి పిలిచారు. అందరూ తృప్తిగా త్రాగాక గిన్నె ఆయన వంతుకు వచ్చింది. దైవప్రవక్త (స) చిరునవ్వుతో త్రాగమన్నారు. త్రాగారు. మళ్ళీ త్రాగమన్నారు. ఇక కడుపులో చోటు లేదని ఆయన ప్రమాణం చేసి చెప్పేవరకు త్రాగమంటూనే ఉన్నారు. ఆకలిగొన్న విద్యార్థి కడుపు నిండుతుంటే ప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు. ఈ హదీసును మేము మదరసాలో చదివాము, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాము. కాని అవసరమైన రోజున మాకు గుర్తు రాలేదు.

మా నోటి నుంచి జారిన మాట

ఈ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆలిమ్ కోర్సు ముగించిన కొత్తలో మేము ఒక మదరసాలో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళం. పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. జుమా రోజున మాంసం కూర వండేవారు. పదేళ్ళ పిల్లవాడొకడు దస్తర్‌ఖాన్ మీద అందరికన్నా ముందు కూర్చుని, అందరికన్నా వేగంగా తిని, రెండోసారి, మూడోసారి పళ్ళెం చాపేవాడు. ఒక జుమా నాడు మేము నవ్వుతూ "ఏం రా పేటూ, ఇంకా నిండలేదా?" అన్నాము. పిల్లలంతా గొల్లున నవ్వారు. మేమూ నవ్వాము.

వారం తిరిగేసరికి ఆ పిల్లవాడి అసలు పేరు మాయమైంది. అందరికీ వాడు పేటూ. ఆ తర్వాత వాడు ఒక్కసారి పెట్టించుకుని, సగంలోనే లేచిపోసాగాడు. వాడు మారాడని మేము సంతోషించాము కూడా. నెల గడిచాక వంటమనిషి చెప్పాడు: అందరూ పడుకున్నాక వాడు వంటగది గుమ్మం దగ్గరకు వచ్చి, మిగిలిన రొట్టె ఏమైనా ఉందా అని అడుగుతున్నాడని.

వాడి మేనమామ చూడ్డానికి వచ్చినప్పుడు ఇంటి సంగతి తెలిసింది. ఐదుగురు పిల్లల్లో వాడు చివరివాడు. ఒకే గిన్నె చుట్టూ అందరూ కూర్చునేవారు. వేగంగా తినకపోతే ఆ పూట అంతే. వాడిలో మేము చూసింది తిండిపోతుతనం కాదు, ఎన్నాళ్ళదో ఆకలి నేర్పిన అలవాటు. మేము వాణ్ణి దగ్గరకు తీసుకుని క్షమాపణ అడిగాము. ఆ పేరు వాడవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాము. మా మాటను మేము వెనక్కి తీసుకున్నాము గాని, పిల్లలు తీసుకోలేదు. చదువు పూర్తయ్యేవరకు ఆ పేరు వాడి వెంటే ఉంది.

ఒకరినొకరు చెడ్డపేర్లతో పిలుచుకోవద్దని అల్ హుజురాత్ సూరా (11) హెచ్చరిస్తోంది. ఆ ఆయత్‌ను పిల్లలకు కంఠస్థం చేయించింది కూడా మేమే!

దైవప్రవక్త (స) పెంపకంలో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్ననాటి సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. భోజనం చేస్తున్నప్పుడు ఆ పిల్లవాడి చెయ్యి పళ్ళెమంతా తిరుగుతోంది. దైవప్రవక్త (స) అతనికి ఏ పేరూ పెట్టలేదు. అల్లాహ్ పేరు తలచి, కుడిచేత్తో, తన ముందున్న వైపు నుంచి తినమని నేర్పారు. ఆనాటి నుంచి తాను అలాగే తింటున్నానని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఒక్క మాటతో ఒక పిల్లవాడు జీవితాంతం బాగుపడ్డాడు. మా ఒక్క మాటతో ఒక పిల్లవాడు రాత్రిపూట చాటుగా రొట్టె అడుక్కున్నాడు. రెండు మాటలూ దస్తర్‌ఖాన్ దగ్గరే పుట్టాయి.

మరి తప్పును తప్పు అనవద్దా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అందరినీ మెత్తగానే పలకరిస్తే చెడును వారించేదెవరు? మాటలను మెత్తబరచి పాపాన్ని దాచిపెట్టడం కూడా మోసమే కదా?

నిజమే. కాని మనం కఠినమైన మాటను ఎవరి మీద వాడుతున్నాము, మెత్తని మాటను ఎవరి కోసం దాచుకుంటున్నాము? పేదవాడు దావత్‌లో రెండోసారి బిర్యానీ పెట్టించుకుంటే తిండిపోతు అంటాము. అదే దావత్‌ను ఇరవై రకాలతో ఏర్పాటు చేసి, మిగిలినదాన్ని చెత్తబండికి ఎక్కించిన ఇంటివారిని మాత్రం "మాషా అల్లాహ్, వలీమా ఘనంగా చేశారు" అని మెచ్చుకుంటాము. మొదటివాడు తిన్నది అతని కడుపులోకి వెళ్ళింది. రెండోవారు చేసింది ఎవరి కడుపులోకీ వెళ్ళలేదు. ఖుర్ఆన్ ఇస్రాఫ్, తబ్జీర్ అన్నవాటికి మనం పెట్టుకున్న పేర్లు ఘనత, దర్జా, మర్యాద!

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో ఇది సుమారు 19 శాతం. ఇందులో దాదాపు 63 కోట్ల టన్నులు హోటళ్ళలోనో అంగళ్ళలోనో కాదు, ఇళ్ళలోనే వృథా అయింది. మన ఇళ్ళు కూడా ఆ ఇళ్ళలోనివే. కింద పడిన ముద్దను సైతం దుమ్ము దులిపి తినమని, దాన్ని షైతానుకు వదలవద్దని నేర్పిన ప్రవక్త (స) అనుచరులం మనం.

కాబట్టి ధర్మం మాటలను విడిచిపెట్టమనలేదు, వాటిని తూకంతో వాడమంది. కఠినమైన మాటను ముందు మన పనికి వాడుకోవాలి, మెత్తని మాటను ఎదుటి మనిషికి ఇవ్వాలి. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలక్రిందులు. పొరుగువాడు ఎక్కువ తింటే తిండిపోతు, మనం తింటే "ఈ రోజు కాస్త ఎక్కువైంది".

అదే మాట, తెరిచిన తలుపు

పెద్ద గ్రంథాలు తిరగేస్తున్న ఆ రాత్రి మా చూపు ఒక ఆయత్ దగ్గర నిలిచిపోయింది. వందలసార్లు పారాయణం చేసిందే. అజ్ జుమర్ సూరా, 53. తమ ఆత్మలపై ఇస్రాఫ్ చేసుకున్నవారిని అల్లాహ్ సంబోధిస్తున్నాడు. ఏమని? నా దాసులారా అని! తన కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని, తాను సకల పాపాలనూ మన్నించేవాణ్ణని అభయమిస్తున్నాడు.

పళ్ళెం దగ్గర మనల్ని హెచ్చరించిన మాటే ఇక్కడ మన్నింపు తలుపు దగ్గర నిలబడి ఉంది. అల్లాహ్ తప్పును దాచలేదు, ఇస్రాఫ్ అని స్పష్టంగానే అన్నాడు. కాని ఆ తప్పును మనిషికి పేరుగా పెట్టలేదు. పేరుగా మాత్రం నా దాసులు అన్నాడు. తప్పుకు ఏ మాట ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఇంతకన్నా గొప్ప జవాబు ఏముంటుంది? తప్పు కనబడాలి, తౌబాకు దారి మూసుకుపోకూడదు. ఆ రెండూ ఉన్న మాటే సరైన మాట.

మరునాడు ఆ యువకుణ్ణి పిలిపించి, నిన్న తొందరపడ్డామని ఒప్పుకున్నాము. ఇస్రాఫ్‌కు ఎక్సెస్ అని రాయమన్నాము, ఎందుకంటే అందులో హద్దు ఉంది. ఒక పూట భోజనం సంగతి చెప్పేచోట ఓవర్ ఈటింగ్ చాలన్నాము. తబ్జీర్‌కు వేస్ట్ అనే మాట దగ్గరగా ఉంటుందన్నాము. బింజింగ్‌ను వైద్యులకు వదిలేయమన్నాము. గ్లటన్ అనే మాటను కొట్టేయమన్నాము.

"అది గట్టి మాట కదా మౌలానా, వినేవారికి బాగా తగులుతుంది" అన్నాడు.

"అందుకే బేటా. అది ఎవరికి తగులుతుందో నీకు తెలియదు" అన్నాము. ఆ పదేళ్ళ పిల్లవాడి సంగతి కూడా చెప్పాము. అతను మాట్లాడకుండా ఆ మాట మీద గీత గీశాడు.

ప్రియ పాఠకులారా! ఈ రోజు ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు మూడు పనులు చేద్దాం. మొదటిది, ఏ పిల్లవాడినీ, ఏ ఆడపిల్లనూ తిండిని బట్టి, ఒళ్ళును బట్టి ఏ పేరుతోనూ పిలవకుండా ఉందాం. ఇప్పటికే పిలుస్తూ ఉంటే ఈ పూటే మానేసి, ఆ బిడ్డకు క్షమాపణ చెబుదాం. రెండోది, పళ్ళెంలో కొంచెమే వడ్డించుకుని, కావాలంటే మళ్ళీ పెట్టించుకుందాం. మళ్ళీ అడిగినవాణ్ణి చూసి నవ్వకుండా, నవ్వుతూ వడ్డిద్దాం. ఈ రెండు నవ్వులకూ చాలా తేడా ఉంది. మూడోది, మన ఇంట్లో జరిగే తదుపరి దావత్ లెక్క వేసుకునేటప్పుడు ఘనత అనే మాటను పక్కన పెట్టి, ఇందులో ఇస్రాఫ్ ఎంత, తబ్జీర్ ఎంత అని మనల్ని మనమే అడుగుదాం.

అల్లాహ్ మన పళ్ళాలలో మితాన్ని, మన నాలుకలపై న్యాయాన్ని ప్రసాదించుగాక! మేము మాటతో నొప్పించిన ఆ బిడ్డ ఎక్కడున్నా అతని దస్తర్‌ఖాన్‌ను శుభాలతో నింపుగాక! ఆమీన్.